ప్రేక్షకుని ఋణము

గడచిన వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మా అమ్మాయి తన తల్లి ఫోను చేతబట్టుకొని, అమెరికాదేశపు పాత టెలివిజను నాటిక నొకదానిని జూచుచు విరగబడి నవ్వుచుండెను. పిల్లలు దేనికి నవ్వుదురో తెలిసికొనుట ఉపాధ్యాయునకు వృత్తిధర్మము గనుక నేనును బోయి ప్రక్కను గూర్చుంటిని. ఆ నాటిక పేరు ‘ఫ్యామిలీ అఫైర్’. తలిదండ్రులను గోల్పోయిన ముగ్గురు పిల్లలు న్యూయార్కు నగరమున బ్రహ్మచారియైన తమ బాబాయి యింట జేరి పెరుగుట దాని కథ. అందలి చిన్నపిల్ల పేరు బఫీ. రెండుప్రక్కల రెండు పిలకలు, చంకలో కళ్లజోడు పెట్టుకొన్న బొమ్మ. ఆ పిల్ల తెరమీదికి వచ్చినప్పుడెల్ల మా పిల్ల నవ్వు హెచ్చుచుండెను.

“నాన్నా, ఈ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?” అని యడిగినది.

ఆ నాటిక 1966 మొదలు 1971 వరకు ప్రసారమైనది. ఆ లెక్కను బఫీ నేటికి మనుమల నెత్తుకొనవలసిన వయసున నుండవలెను. వెదకి చూచితిని. బఫీ వేషము ధరించిన బాలిక పేరు అనిస్సా జోన్స్. 1958లో పుట్టినది. 1976 ఆగస్టు నెలలో, 18వ యేట, మత్తుమందులు మితిమీరి పుచ్చుకొని మరణించినది. “ఆ అమ్మాయి లేదమ్మా” అంటిని. మా పిల్ల కొంతసేపు నా మొగము చూచి, మరల ఫోనువంక జూచెను. అందులో బఫీ ఏదో యనినది, ఎవరో నవ్విరి. మా పిల్ల నవ్వలేదు.

మరణించినవారు మనలను నవ్వించుటలో దోషమేమియు లేదు. కాలము జేసిన కవులు, గాయకులు, నటులు మనకు నిత్యము సంతోషము నిచ్చుచునే యున్నారు. నన్ను బాధించిన ప్రశ్న వేఱు. ఒక బాలిక తన బాల్యముతో మనలను నవ్వించినప్పుడు, ఆ బాల్యమును ఆమెయే మనకిచ్చినదా, లేక ఎవరో తీసికొని మనకిచ్చిరా? తీసికొని యిచ్చినయెడల, తెలియక పుచ్చుకొన్న మన కేమైన బాధ్యత కలదా? ఈ ప్రశ్నకు అమెరికా హాస్యనాటికలలోని బాలనటుల జీవితములకంటె స్పష్టమైన ఉదాహరణములు నాకు దొరకలేదు.

ముందుగా ఆ నాటికల స్వరూపమును గూర్చి రెండుమాటలు. సిట్‌కామ్ అని వారు పిలుచు ఈ గృహహాస్యనాటిక 1950వ దశాబ్దిలో టెలివిజనుతోపాటు అమెరికా ఇండ్లలో ప్రవేశించినది. అరగంట కాలము. ఒక యిల్లు, తల్లి, తండ్రి, ఇద్దరు ముగ్గురు పిల్లలు. ఒక చిన్న చిక్కు పుట్టును. అరగంట నిండకముందే విడిపోవును. మరుసటి వారము అదే యిల్లు, అవే ముఖములు, ఆ కుర్చీలు కూడ అక్కడనే యుండును. ఈ ప్రక్రియకు ప్రాణము మార్పు లేకుండుటయే. నిన్నటి బఫీయే నేడును రావలెనని ప్రేక్షకుడు ఎదురుచూచును. కాని పిల్లకు ప్రాణము మార్పు. దంతములు ఊడి మరల వచ్చును, గౌను పొట్టియగును, గొంతు మారును, బొమ్మ విసుగు పుట్టించును. ఎదుగకుండుట ధర్మముగా గల నాటికకును ఎదుగుట ధర్మముగా గల పిల్లకును ముడిపెట్టినప్పుడు ఏదో యొకటి తెగక తప్పదు. పెక్కుమారులు తెగినది నాటిక కాదు.

నవ్వును గూర్చి యొక్కమాట. ‘ఐ లవ్ లూసీ’ వంటి కొన్ని నాటికలను ప్రేక్షకుల యెదుటనే ప్రదర్శించి చిత్రించిరి గాని, తరువాతివానిలో అనేకము నిర్జనమైన స్టూడియోలలో తీసినవే. చార్లెస్ డగ్లస్ అను సౌండు ఇంజనీరు 1950వ దశాబ్దిలో ఒక పెట్టెను నిర్మించెను. మీట నొక్కినచో ముసిముసినవ్వు, మరియొకటి నొక్కినచో పకపకనవ్వు. ఎన్నడో, ఎక్కడనో, ఎవరినో జూచి నవ్వినవారి నవ్వును దాచిపెట్టి, తరువాత బాలిక మాటలకు అతికించుచుండిరి. బాలిక మాటాడిన క్షణమున ఆమె చెవికి వినబడినది కెమెరా చప్పుడును దర్శకుని కేకయు మాత్రమే.

మన ఆలంకారికులు రసము ఎక్కడ నుండునని శతాబ్దములు వాదించిరి. అనుకార్యుడైన రామునియందా, అనుకర్తయైన నటునియందా, చూచు సామాజికునియందా? అభినవగుప్తాదులు సహృదయునియందే యని తేల్చిరి. విద్యార్థిగా నున్నపుడు ఇది నాకు సూక్ష్మమైన శాస్త్రచర్చగా మాత్రమే తోచినది. ఇప్పుడు చూడగా అందొక నీతియు నున్నట్లు తోచుచున్నది. వేషము తీసివేసిన నటుని మీద మనకు హక్కు లేదు. రాముని వేషము వేసినవాడు వీధిలో బీడీ కాల్చిన మనము కోపింపరాదు. మనకు కలిగిన రసము మనదే, అతని జీవితము అతనిదే. టెలివిజను ఈ మర్యాదను చెరపివేసినది. వారమువారము మన వంటయింటి ప్రక్కను గూర్చుండి మాటాడు బాలికను మనము నటిగా చూడము. ఎరిగిన పిల్లగా చూతుము. ఎరిగిన పిల్లమీద అధికారము చెలాయించుట మనకు అలవాటు.

అనిస్సా జోన్స్ ఆ నాటికలో చేరునప్పటికి 8 ఏండ్లది. పాత్ర వయసు 6. ఆమె పొట్టిగా నుండుటచే చెల్లిపోయినది. చంకలోని బొమ్మకు మిసెస్ బీస్లీ యని పేరు. 1967లో మాటెల్ కంపెనీ ఆ బొమ్మను తయారుచేసి అంగళ్లకెక్కించినది. పిల్లలు విరగబడి కొనిరి. 1971లో నాటిక ముగియునప్పటికి అనిస్సాకు 13 ఏండ్లు నిండినవి. అప్పటికిని పిలకలు పిలకలే, బొమ్మ బొమ్మయే. పదమూడేండ్ల పిల్లను చంకను బొమ్మ పెట్టుకొని బడికి రమ్మన్నచో ఆమె యెంత సిగ్గుపడునో బడిపంతులైన నాకొకరు చెప్పవలసిన పని లేదు. ఆమె సిగ్గును దేశమంతయు ముచ్చటయనుకొన్నది.

ఆమెకొరకు దాచియుంచిన సొమ్ము 1976లో 18 ఏండ్లు నిండగానే చేతికి వచ్చినది. కొలది నెలలకే చనిపోయినది. చట్టము తన పని తాను చేసినది.

ఆ చట్టమునకు మూలము ఒక బాలుని కథ. 1921లో చాప్లిన్ తీసిన ‘ది కిడ్’ అను చిత్రమున నటించిన జాకీ కూగన్ లక్షల డాలర్లు గడించెను. పెరిగి పెద్దవాడై తన సొమ్మడుగగా అది తల్లియు సవతితండ్రియు వ్యయపరచియుండిరి. 1938లో వ్యాజ్యము వేయగా అతనికి దక్కినది సుమారు 1,26,000 డాలర్లు మాత్రమే. ఏలయన, నాటి న్యాయము ప్రకారము బిడ్డ సంపాదన తలిదండ్రుల సొత్తు. ఈ యన్యాయము జూచి 1939లో కాలిఫోర్నియా ప్రభుత్వము బాలనటుల సంపాదనలో కొంత దాచవలెనని శాసనము చేసెను. కాని అది న్యాయస్థానమునకు తెచ్చిన ఒప్పందములకే వర్తించెడిది; తేనివారు తేకయే గడపిరి. 2000 జనవరి 1వ తేదీనుండి గాని బాలనటుల సంపాదన వారి స్వంత ఆస్తియనియు, అందు నూటికి 15 వంతులు విధిగా నిక్షేపింపవలెననియు నియమము కుదురలేదు. మన దేశమునను 2017 నాటి నియమములలో బాలకళాకారుని సంపాదనలో నూటికి 20 వంతులకు తగ్గకుండ వాని పేర బ్యాంకులో వేయవలెనని యున్నది. మంచిదే.

బుద్ధిమంతులైన తలిదండ్రులును లేకపోలేదు. ‘బ్రేడీ బంచ్’ అను నాటికలో నటించిన ఈవ్ ప్లమ్ అను బాలిక పేర, ఆమె 11వ యేట, 1969లో, మాలిబూ సముద్రతీరమున 55,300 డాలర్లకు ఒక యిల్లు కొనిరి. 2016లో ఆమె దానిని 39 లక్షల డాలర్లకు అమ్మినది. ఆ నాటికను దశాబ్దములు మరల మరల ప్రసారము చేసిరి గాని, ఆ పునఃప్రసారములవలన పిల్లలకు రాబడి నిలిచిపోయినది. ఎన్నిమారులు వేసినను నటులకు ముట్టవలెనను ఒప్పందమును నటులసంఘము సాధించినది 1974లో, ఆ నాటిక ముగిసిన యేట. నాటికకంటె ఇల్లే ఆమెకు నమ్మకముగా నిలిచినది. అదే నాటికలో పెద్దక్కగా నటించిన మారీన్ మెకార్మిక్ తాను కొకెయినుకు బానిసనై పడిన పాట్లను 2008లో గ్రంథముగా వ్రాసికొన్నది. 1954 మొదలు 1960 వరకు ‘ఫాదర్ నోస్ బెస్ట్’ అను నాటికలో, అనగా అన్నియు తెలిసిన తండ్రి కథలో, చిన్నకూతురుగా ముద్దుమాటలాడిన లారెన్ చాపిన్‌యు 1989లో ఒక గ్రంథము వ్రాసి, తెరమీది యింటికిని తాను పెరిగిన యింటికిని ఎంత దూరమో చెప్పినది. 1984లో ‘డిఫరెంట్ స్ట్రోక్స్’ నాటికలోని డేనా ప్లేటో గర్భవతి కాగా ఆమెను నిత్యపాత్రనుండి తప్పించిరి. కూతురు స్త్రీ యగుట ఆ యింటికి సరిపడలేదు. ఆమె 1999లో, 34వ యేట, మందులు మితిమీరి పుచ్చుకొని చనిపోయినది.

ఇక్కడ కొందరు చదువరులు అడ్డుతగులుదురు. కుమ్మరి బిడ్డ సారెయొద్ద గూర్చుండదా? రైతు బిడ్డ కలుపు తీయదా? ఇంటిపనిలో బిడ్డ చేయి వేయుట లోకమంతట నున్నదే. నటన మాత్రమేమి పాపము చేసినది? ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని కుమ్మరి బిడ్డ చేసిన కుండ బిడ్డకంటె వేఱు. కుండను సంతలో నమ్మి బిడ్డ ఇంటికి వచ్చును. నటించు బిడ్డకు కుండయు తానే. సంతకు పోయినది తన ముఖము, తన గొంతు, తన తడబాటు, సంతనుండి తిరిగివచ్చినదేది? పైగా కుండ పగిలినచో మరియొకటి చేయవచ్చును.

“పిల్లకు ఇష్టమేనండీ” అందురు మరికొందరు. ఇష్టమే. తన్ను మెచ్చుకొనువారియెదుట ఆడి పాడుట ఏ పిల్లకు ఇష్టము కాదు? ఇష్టము వేఱు, సమ్మతి వేఱు. మానుకొన్నచో ఇంటిలోని పొయ్యి ఆరిపోవునని యెరిగిన పిల్ల ఇష్టపడుటకంటె మరేమి చేయగలదు?

ఈ విషయమున నన్ను మిక్కిలి కలచివేసినది పాటీ డ్యూక్ అను నటి జీవితము. 1946లో న్యూయార్కు నగరమున బీదకుటుంబమున జన్మించినది. తలిదండ్రులు పెట్టిన పేరు ఆనా మేరీ. బాలనటులను తయారుచేయు జాన్ రాస్, ఎథెల్ రాస్ అను దంపతులు ఆమెను చేరదీసిరి; తుదకు తమ యింటనే యుంచుకొనిరి. ఆమె 1987లో ప్రకటించిన ఆత్మకథలో వారిని గూర్చి వ్రాసినది చదువుట కష్టము. ఆనా మేరీ అను పిల్ల ఇక లేదనియు, నేటినుండి నీవు పాటీవనియు వారు చెప్పిరట. వయసు రెండేండ్లు తగ్గించి లోకమునకు చూపిరట. మద్యమును మందులను అలవాటు చేసిరట. 12 ఏండ్ల వయసున ఆమె టెలివిజనులోని ఒక ప్రశ్నల పోటీలో 32,000 డాలర్లు గెలిచినది. జవాబులు ముందే చెప్పించిరని తరువాత, 1959లో, అమెరికా చట్టసభ విచారణసంఘము ఎదుట ఒప్పుకొన్నది. ఆ వయసు పిల్లకు పెద్దలు నేర్పిన పాఠమెట్టిదో చూడుడు.

ఆ యేటనే న్యూయార్కు రంగస్థలముపై ‘ది మిరకిల్ వర్కర్’ నాటకమున చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లర్‌గా నటించి పెద్దలనే ఆశ్చర్యపరచినది. అది చలనచిత్రముగా వెలువడిన పిమ్మట 1963లో, 16 ఏండ్ల వయసున, ఆస్కారు బహుమానము నందినది. వెంటనే ఆమె పేరిటనే ‘ది పాటీ డ్యూక్ షో’ అను హాస్యనాటికను నిర్మించిరి. అది న్యూయార్కున చిత్రించుటకు, అక్కడి బాలకార్మిక నియమములు కాలిఫోర్నియా నియమములంత కఠినములు గాకపోవుటయు నొక కారణము. అందు పాటీకి రెండు వేషములు: ఒకతె అల్లరిపిల్లయైన పాటీ, మరియొకతె స్కాట్లండునుండి వచ్చిన నెమ్మదియైన కాథీ, ఇరువురును అచ్చుగ్రుద్దినట్లుండు పినతండ్రి పెదతండ్రి బిడ్డలు. ఇద్దరును ఒకేమారు తెరపై నుండవలసి వచ్చినప్పుడు మరియొక బాలిక వీపు చూపి నిలుచుచుండెను. మొగము కనబడని ఆ బాలిక ఉద్యోగము నాకొక్కొక్కప్పుడు అసూయ కలిగించును. ఆమె సాయంకాలము తానుగా ఇంటికి పోయి యుండును.

మూడేండ్లు దేశము ఆ యిద్దరు బాలికలను జూచి నవ్వినది. ఇద్దరిలో నెవరును ఆనా మేరీ కాదు.

18 ఏండ్లు వచ్చినంతనే ఆమె రాస్ దంపతులను విడిచి వచ్చినది. సొమ్ములో అధికభాగము అప్పటికే వ్యయమైపోయినది. తరువాతి సంవత్సరములు చీకటివి; ప్రాణము తీసికొనుటకును యత్నించినది. 1982లో గాని అది బైపోలార్ అని నేడు పిలువబడు మానసికవ్యాధి యని వైద్యులు గుర్తింపలేదు. ఆ వ్యాధికి బాల్యమున చేసిన నటనయే కారణమనుట వైద్యము కాదు, తొందరపాటు. కాని బాధపడుచున్న పిల్లను చూచువారికి ఆమె బాధ కనబడకుండ జేసినది ఆ వేషమే యనుట తొందరపాటు కాదు. వారమువారము కోట్లమంది చూచుచుండిరి, ఒక్కరికిని కనబడలేదు. ఆమె అక్కడితో ఆగిపోలేదు. 1979లో ‘ది మిరకిల్ వర్కర్’ను టెలివిజనుకొరకు మరల తీసినప్పుడు హెలెన్‌గా మెలిస్సా గిల్బర్ట్ అను బాలనటి నటింపగా, పాటీ డ్యూక్ ఆ పిల్లకు చదువు చెప్పు గురువుగా నటించినది. 1985 మొదలు 1988 వరకు తెరనటుల సంఘమునకు అధ్యక్షురాలు. మానసికరోగుల పక్షమున బహిరంగముగా మాటాడిన ప్రసిద్ధ స్త్రీలలో ఆమె తొలివరుసలోనిది.

తప్పించుకొన్నవారియందును ప్రేక్షకుని పాత్ర గమనింపదగినది. శాలీ ఫీల్డ్ 1965లో ‘గిడ్జెట్’ నాటికలో సముద్రపు అలలపై ఆడు పిల్ల. 1967 మొదలు 1970 వరకు ‘ది ఫ్లయింగ్ నన్’ నాటికలో తలపై రెక్కలవంటి టోపీతో గాలిలో నెగురు సన్యాసిని. ఆ రెండవ వేషము ఆమెకు రుచింపనిది. ఇది వదలినచో మరల పని దొరకదని ఇంటిలో పెద్దలు భయపెట్టగా ఒప్పుకొన్నది. తరువాత గంభీరపాత్రలకు పోయిన ప్రతిచోట ఎగిరెడి సన్యాసిని ఆమెకంటె ముందుగా పోయి కూర్చుండెడిది. ఆమె యాక్టర్స్ స్టూడియోలో చేరి, అఆలనుండి మరల నేర్చుకొన్నది. 1976లో ‘సిబిల్’, 1979లో ‘నార్మా రే’. ఈ రెండవదానికి ఆస్కారు, 1984 నాటి మరియొక చిత్రమునకు రెండవ ఆస్కారు. ఆమెను నిలువరించినది నిర్మాత ఒప్పందము కాదు, అది ఎన్నడో ముగిసినది. నిలువరించినది మన జ్ఞాపకము.

ఈ మాట వ్రాయునప్పుడు నేను నిర్దోషిని కాను. కొన్నేండ్ల క్రిందట మా పాఠశాలలో రెండవ తరగతి చదువు పిల్ల యొకతె ‘ర’ పలుకలేక ‘ల’ పలుకుచు పద్యములు చదివెడిది. వార్షికోత్సవమున చదివించితిని. సభ యంతయు మురిసిపోయినది. అది మొదలు ఏటేట ఆ పిల్లయే, ఆ పద్యమే. ఆరవ తరగతికి వచ్చునప్పటికి నాలుక చక్కబడినది. చక్కగా, స్పష్టముగా చదువగలిగినది. అభ్యాసమునాడు వినగా నాకేదో వెలితిగా దోచినది. “వెనుకటిలాగే చదువమ్మా, అదే బాగుంటుంది” అంటిని. ఆ పిల్ల నావంక జూచి, సరేనని తలయూపినది. సభలో అట్లే చదివినది. అందరును నవ్విరి, చప్పట్లు కొట్టిరి. దిగివచ్చునప్పుడు ఆ పిల్ల తల యెత్తలేదు. మరుసటి యేడు పేర్లపట్టికలో ఆమె పేరు లేదు. తల్లి నడుగగా, “ఇంక చదవనంటుందండీ మాస్టారూ, ఎందుకో తెలియదు” అన్నది. నాకు తెలియును. చెప్పలేదు.

అక్కడ ఒప్పందము లేదు, డబ్బు లేదు, క్రూరులైన పోషకులు లేరు. ఉన్నది చిన్ననాటి తప్పు నుచ్చారణకు మరగిన ప్రేక్షకుడొక్కడు. అందువలననే సొమ్ము నిక్షేపించు చట్టములను జూచి సంస్కరణ ముగిసినదని తృప్తిపడజాలను. కన్యాశుల్కమును రూపుమాపుటకు మన పెద్దలు పోరాడినప్పుడు, పుచ్చుకొన్న సొమ్మును పిల్లపేర దాచుడని యడుగలేదు, పిల్లను వెలకట్టవద్దనిరి. అట్లని పిల్లలను రంగస్థలమునుండియు తెరనుండియు వెలివేయవలెనని నేననను. పిల్లలు లేని కథలు ఇల్లు లేని ఊరివంటివి. పిల్ల సంపాదన మీద ఇల్లు నిలువరాదనియు, పిల్ల యెదుగగానే పాత్రయు ఎదుగవలెను లేదా ముగియవలెననియు మాత్రము పట్టుబట్టుదును. అంతటితోనైనను ప్రేక్షకుని బాకీ తీరినదా యన్న, నాకు సందేహమే.

పాటీ డ్యూక్ తన ఆత్మకథకు పెట్టిన పేరు, నన్ను ఆనా అని పిలువుడు అను నర్థమిచ్చునది. పరిచితులలో ననేకులు ఆమెను అట్లే పిలిచిరి. 2016 మార్చి 29వ తేదీన ఆమె చనిపోయినప్పుడు పత్రికలన్నియు పాటీ డ్యూక్ మరణించినదని ప్రకటించినవి. నేనును ఈ వ్యాసమున మొదటినుండి చివరివరకు ఆమెను పాటీ యనియే వ్రాసితిని. సరిదిద్దవలెనని కలము చేతబట్టితిని గాని, ఆనా అని వ్రాసినచో ఆమె యెవరని చదువరు లడుగుదురని తోచి, ఉన్నది ఉన్నట్లే అచ్చునకు పంపుచున్నాను.